పాడైన నమూనా

సముద్రం ఎంత బొగ్గుపులుసు వాయువును మింగుతోందో లెక్కగట్టాలంటే నీళ్లతోపాటు వాటి మీది గాలినీ కొలవాలి. గాలి పట్టేవాళ్లు గాలికి ఎదురు నిలబడి, గాజుసీసా మూత బిగించేదాకా ఊపిరి బిగబట్టాలి. మనిషి ఊపిరి తగిలిందా, నమూనా పాడైనట్టే.

హాలిఫాక్స్ రేవులోని ప్రయోగశాలలో ఐల్సా బల్ల మీద అలా పాడైన సీసా ఒకటుంది. కిందటిసారి ఓడ మీద వెళ్లినప్పుడు దాన్ని పట్టింది ఆమె భర్త ఫెర్గస్. సరిగ్గా మూత బిగించేటప్పుడే కూనిరాగం తీశాడు.

“నీ పాట తగలెయ్య, సీసా కాస్తా పాడుచేశావు” అని ఐల్సా కసిరింది.

“పోనీలేవే, ఒడ్డుకెళ్లాక కడిగేద్దాం” అన్నాడతను.

కడగనే లేదు. ఆ చలికాలంలోనే ఫెర్గస్ గుండె ఆగిపోయింది.

ఇవాళ ఓడ మళ్లీ బయలుదేరుతోంది. ఒక సీసా తక్కువైంది. సామాను సర్దుతున్న నెల్ వచ్చి, “ఇది ఊరికేనే పడుంది కదా ఐల్సా, తీసుకుపోనా?” అంది.

ఐల్సా సీసా చేతిలోకి తీసుకుంది. తర్వాత మూత తిప్పి, ముఖానికి ఆనించుకుని గుండె నిండా పీల్చింది. ఖాళీ సీసా నెల్ చేతిలో పెట్టింది.

“ఏమైంది, మాట్లాడవేం?” అంది నెల్.

ఐల్సా తల అడ్డంగా ఊపింది. నోరు తెరిస్తే ఫెర్గస్ వెళ్లిపోతాడు.