మెట్ల కింది చోటు

ఆకాశం ఆకుపచ్చగా మారితే సుడిగాలి వస్తుందని, జాగ్రత్త పడాలని పక్కింటి టీచరమ్మ చెప్పినప్పటినుంచీ ఈ ఇంటి కోడలికి బట్టలారేయడం కూడా వేడుకే అయింది. ఒక్కో క్లిప్పు పెడుతూ ఒక్కోసారి పైకి చూస్తుంది. ఏ మబ్బు ఉత్త హడావుడిదో, ఏది కొంప ముంచేదో కాస్త కాస్త పట్టుబడుతోంది. ఇన్నేళ్ళూ ఇంట్లోవాళ్ళ మొహాలు చూసి వాతావరణం కనిపెట్టిన మనిషికి ఇదొక లెక్కా!

"మబ్బులు చూస్తూ నిలబడు, అక్కడ కూర మాడిపోతుంది," అంటారు అత్తగారు. ఉద్యోగం మారి ఈ ఊరికి తీసుకొచ్చిన భర్త, ఇది సుడిగాలుల ఊరని సామాను దింపాక గానీ చెప్పలేదు. "ముందే చెప్తే గోల చేస్తావని," అన్నాడు. చేసేదే మరి.

ఆ ఇంట్లో కిటికీ లేనిది మెట్ల కింది గది ఒక్కటే. ఊళ్ళో సుడిగాలి హెచ్చరిక సైరన్ మోగితే అందరూ అందులో దూరి తలుపేసుకోవాలి. దాన్నిండా ఆయన వ్యాయామం సైకిలు. కొన్న వారం తొక్కాడు, తర్వాత దాని మీద చొక్కాలే ఊరేగుతున్నాయి. తీసేద్దామండీ అంటే, "రేపట్నుంచి తొక్కుతానుగా," అన్నాడు. ఆ రేపు ఇంకా తెల్లారలేదు.

ఆదివారం మధ్యాహ్నం, అందరూ పడతారో లేదోనని ఆమె పట్టుబట్టి అందరినీ లోపల కూర్చోబెట్టి చూసింది. అత్తగారికి నడుం కింద దిండు పెట్టింది. కూతురికి దుప్పటి ఇచ్చింది. భర్త సైకిలు పక్కన ఒదిగాడు. టార్చి, మందులు, నీళ్ళ సీసా అందించింది. "ఇక తలుపెయ్," అన్నాడాయన. వేసింది.

అప్పుడు చూసుకుంది, తను బయటే ఉంది.

ఓసి పిచ్చిదానా, అనుకుంది. భోజనాల దగ్గర అలవాటే ఇది కూడా! అందరికీ వడ్డించడం, మిగిలితే తను. కళ్ళు చెమర్చాయి. కానీ ఏడుపుకన్నా ముందు ఒక కుతూహలం తోసుకొచ్చింది. లోపల ఎవరికి, ఎప్పటికి గుర్తొస్తుందో చూద్దాం అని తలుపుకి చెవి ఆనించింది. ఇరుగ్గా ఉందన్నారు అత్తగారు. సిగ్నల్ లేదన్నాడు భర్త. చాలాసేపటికి కూతురు, "అమ్మేదీ?" అంది.

"బయటే ఉంటుందిలే. ఏదన్నా కావాలంటే అందిస్తుంది," అన్నాడు భర్త.

ఆమె తలుపు తట్టలేదు. వెళ్ళి ఆరిన బట్టలు తీసుకొచ్చి మడతపెట్టింది. మర్నాడు ఆయన ఆఫీసుకెళ్ళాక సైకిలుని ఈడ్చుకెళ్ళి వరండాలో పడేసింది. సాయంత్రం ఇంట్లో రభస. "నా సైకిలెవరు తీశారు?"

"నేనే. బయటే ఉందిలెండి, కావాలంటే తొక్కుతారు," అంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, అందరూ ఇంట్లో ఉండగా, పెరడంతా ఆకుపచ్చటి వెలుగు కమ్మింది. ఎంత బావుందో, ఎంత భయంగా ఉందో! ఇదేనన్నమాట, అనుకుని ఒక్క క్షణం కళ్ళారా చూసింది. సైరన్ మొదలైంది. స్టవ్ కట్టేసి, కూతుర్ని కేకేసి, అందరికన్నా ముందు మెట్ల కింది గదిలోకి వెళ్ళి గోడకి వీపు ఆనించి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కూతురు పరుగెత్తుకొచ్చి పక్కన ఒరిగింది.

"టార్చి ఏదీ? అమ్మ మందులెక్కడా?" భర్త హాల్లో గిరగిరా తిరుగుతున్నాడు.

"అల్మారా పై అరలో ఉన్నాయి. అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని తీసుకురండి, చోటు బోలెడుంది," అంది ఆమె, కదలకుండా. "ఆఖర్న వచ్చినవాళ్ళు తలుపెయ్యండి. లోపలినుంచి."