కళ్లారా చూసినవాళ్లెవరు?

మైపాడు నుంచి నెల్లూరు పోయే ఉదయం బస్సులో కాలేజీ పిల్లలే ఎక్కువ. సీటు దొరికినవాళ్లు ఒళ్లో పుస్తకం పెట్టుకుని, ఎడమచేత్తో ఫోను పట్టుకుని, కుడిచేత్తో గబగబా రాసుకుంటూ ఉంటారు. చూసే పెద్దలకు అది ముచ్చటగా ఉంటుంది. బస్సులో కూడా చదువుకుంటున్నారని మురిసిపోతారు. ఆ ఫోనులోంచి ఆ కాగితం మీదికి దిగుతున్నది ఎవరి మాటో, నిజమో అబద్ధమో, రాస్తున్న పిల్లకైనా తెలుసా అని అడిగేవాళ్లు ఇంట్లోనూ లేరు, బడిలోనూ లేరు.

ఆ పొద్దు కెజియా కూడా అలాగే రాస్తూ ఉంది. ఉప్పుటేటి ఒడ్డున ఉన్న పల్లెపాళెం ఆమెది. తండ్రి క్రీస్తురాజు, అన్న బెన్హర్ సముద్రం మీద వేటకు పోతారు. వేట లేనప్పుడు ఏట్లో వలలు వేస్తారు. కెజియా డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఆదివారం చర్చి ఆరాధనలో ఆమె బైబిలు వాక్యం చదివితే ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఆ గొంతు మీద, తన రాత మీద ఆమెకు కాస్త గర్వం కూడా ఉంది. కాలేజీలో ‘మా ఊరు, మా నీరు’ అని వ్యాసాల పోటీ పెట్టారు. ఇవ్వడానికి ఆ రోజే ఆఖరు.

విషయం కోసం వెతుక్కునే పని లేదు. అంతకు ముందు వారమే ఏట్లో చేపలు పొట్టలు తేలేసి కుప్పలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఎందుకు చచ్చాయో ఎవరికీ తెలియదు. తెలియని చోటే పుకారు పుడుతుంది. నీలం డ్రమ్ములోంచి ఏదో నీళ్లలోకి కుమ్మరిస్తున్న ఫొటో ఒకటి పల్లె వాట్సాప్ గ్రూపులో తిరిగింది. రొయ్యల గుంటల వాళ్లు ఏట్లోకి మందు వదిలారని దాని కింద రాసి ఉంది. ఆ ఏటి పక్కన రొయ్యల గుంటలు ఉన్నది ఒక్క హజరత్తయ్యకే. కోట అనే ఊరి వైపు నుంచి వచ్చి అక్కడ నేల కొన్న రైతు ఆయన. పల్లెకు పరాయివాడు.

కెజియా ఆ సందేశాన్నే మంచి తెలుగులోకి మార్చి రాసింది. చదువుకుంటే ఎక్కడో పస తగ్గినట్టు అనిపించింది. ఎవరో అనుకుంటున్నారంటే బలముండదు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, ఈ వాక్యం చేర్చింది: ‘హజరత్తయ్య మనుషులు విషపు డ్రమ్ములను ఏట్లో కుమ్మరిస్తుండగా కళ్లారా చూసిన మత్స్యకారులు నేటికీ వణికిపోతున్నారు.’

చూశామని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఎవరినీ అడగనూ లేదు. వ్యాసంలో ఆ వాక్యం అందంగా అమరింది, అంతే.

తెలుగు అధ్యాపకుడు కృపాదానం గారికి అన్నిటికంటే నచ్చింది ఆ వాక్యమే. దాని కింద ఎర్రసిరాతో గీత గీసి, మొదటి బహుమతి కెజియాకే ఇచ్చారు. నువ్వెవరిని అడిగావమ్మా అని ఆయనా అడగలేదు. బహుమతుల రోజున వేదిక మీద వ్యాసం చదివించారు. తోటి పిల్ల ఒకతె ఫోనులో వీడియో తీసి పంపింది. కెజియా సాయంత్రం బస్సెక్కేలోపే ఆ వీడియో పల్లెకు చేరిపోయింది. మన పిల్ల కాలేజీలో పరిశోధన చేసి హజరత్తయ్య బండారం బయటపెట్టిందని దాని కింద ఎవరో రాశారు. పుకారుకు కాలేజీ ముద్ర పడింది.

కెజియా బస్సు దిగేసరికి మగవాళ్లు గుంపుగా ఏటి గట్టు వెంట పోతున్నారు. కొందరి చేతుల్లో తెడ్లు, కొందరి చేతుల్లో కర్రలు. యాడికి పోతున్నారని అడిగితే ఒక ముసలామె గర్వంగా ఆమె చెంపలు నిమిరి, నువ్వు చెప్పిన పని మీదే పోతున్నారు తల్లీ అంది. కెజియా పుస్తకాల సంచి అక్కడే పడేసి పరుగెత్తింది.

ఆమె గట్టెక్కేటప్పటికే కరెంటు పెట్టెను గొడ్డలితో నరికేశారు. గుంట నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లను గుంటల్లోకి దొర్లించి తొక్కుతున్నారు. మేతల కొట్టానికి నిప్పు అంటుకుంది. ఆ మంటల వెలుతురులో కెజియా గుంటలకేసి చూసింది. వాటిలో చుక్క నీరు లేదు. రొయ్యలు పట్టి అమ్మడం ఎప్పుడో అయిపోయి, గుంటలు ఎండగట్టి ఉన్నాయి. అడుగు నేల నెర్రెలు విచ్చి, పేరిన ఉప్పు తెల్లగా కనిపిస్తోంది. నీళ్లే లేని గుంటలోంచి ఏట్లోకి విషం ఎలా వస్తుంది? గట్టెక్కిన ప్రతివాడికీ ఆ ఎండు నేల కనిపించింది. అయినా ఒక్కడూ ఆగలేదు. వాళ్లు చూడటానికి రాలేదు, కొట్టడానికి వచ్చారు.

హజరత్తయ్యను పక్కనున్న కాపలా కొట్టంలోంచి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఏం జరుగుతున్నదో ఆయనకు అర్థం కాలేదు. చేతులు జోడించి ఏదో చెప్పబోతే ఎవరో తెడ్డుతో ఆ చేతుల మీదే కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. వీపు మీద, డొక్కల్లో తన్నులు పడ్డాయి. అడ్డం పోయిన భార్య వెంకటశేషమ్మను చెంప మీద కొట్టి కింద మట్టిలోకి తోసేశారు. పోలేరయ్య అనే అతను ఫోనులో ఆ వీడియో పెట్టి, శబ్దం పెంచి, హజరత్తయ్య చెవి దగ్గర పెట్టాడు.

“విను. మా పిల్ల ఏం చెప్తుండాదో విను.”

కళ్లారా చూసిన మత్స్యకారులు నేటికీ వణికిపోతున్నారు, అని కెజియా గొంతు ఆ మంటల మధ్య తీయగా, స్పష్టంగా వినిపించింది. ఒక్కో వాక్యానికి ఒక్కో దెబ్బ పడుతోంది.

కెజియా గుంపులో దూరింది. మోచేతులు తగిలి పెదవి చిట్లింది. ఏరేటర్ నుంచి ఊడబెరికిన ఇనుప రాడ్డు పట్టుకుని ముందుకు పోతున్న అన్న చొక్కాను వెనక నుంచి పట్టుకుని లాగింది.

“నీళ్లు యాడుండాయన్నా? చూడు, గుంటలు ఎండిపోయుండాయి. నాకెవురూ చెప్పలేదన్నా. నేనే రాసినా.”

బెన్హర్ వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపులో చెల్లెలన్న ఆపేక్ష లేదు.

“నువ్వే గదమ్మే చెప్పినావు. పక్కకు పో.”

ఒక్క తోపుకు ఆమె గట్టు మీద వెల్లకిలా పడింది. పడి, తల ఎత్తి చూస్తుండగానే రాడ్డు లేచింది, దిగింది. హజరత్తయ్య కుడికన్ను ఉన్న చోట నెత్తురు ఎగజిమ్మింది. ఆయన అరవను కూడా అరవలేదు. పక్కకు ఒరిగిపోయాడు. అప్పుడు గాని గుంపు వెనక్కి తగ్గలేదు. ఒకరి తర్వాత ఒకరు తెడ్లు పారేసి జారుకున్నారు.

పోలీసులు వచ్చారు. బెన్హర్‌ను, పోలేరయ్యను, ఇంకొందరిని పట్టుకుపోయారు. నెల్లూరులో పెద్దాసుపత్రి డాక్టర్లు హజరత్తయ్య ప్రాణం నిలబెట్టారు గాని కన్ను నిలబెట్టలేకపోయారు. పల్లెలో మాత్రం కెజియాకు మర్యాద పెరిగింది. ఎదురొచ్చిన ఆడవాళ్లు ఆమె తల నిమిరేవాళ్లు. ఆ చేతులు తగిలినప్పుడల్లా ఆమె తల పక్కకు తీసుకునేది. ఆరాధనలో వాక్యం చదవమంటే బైబిలు పక్కవాళ్లకు అందించేసింది. తన గొంతు తనకే వినబుద్ధి కాలేదు.

చివరికి ఒకరోజు ఆసుపత్రికి పోయింది. కాలికి చెప్పులు లేకుండా వరండాలో గోడకానుకుని కూర్చుని ఉన్న వెంకటశేషమ్మ, హజరత్తయ్య ఎలా ఉన్నాడని అడిగిన ఆమెను, ఆ రోజు ఫోనులో విన్న గొంతుతోనే గుర్తుపట్టింది. తిడుతుందనుకుంది కెజియా. కొడుతుందనుకుంది. కొడితే బాగుండుననుకుంది.

“మీ పల్లెకూ మా గుంటలకూ ఎంత దూరం పాపా?” అంది వెంకటశేషమ్మ. “ఒక్క పూట వచ్చుంటే మజ్జిగిచ్చి కూర్చోబెట్టి, గుంటలన్నీ తిప్పి చూపించినుందుము గదా. రాసేముందు రావాల్సింది. ఇప్పుడొచ్చి ఏం చూస్తావు?”

అక్కడి నుంచి కెజియా నేరుగా కృపాదానం గారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది. ఆ వాక్యం తన కల్పనేనని చెప్పింది. క్షమించమని ఒక ఉత్తరం రాసి అందరికీ పంపుతానంది.

“క్షమించమని రాస్తే నీకు బరువు దిగుతుంది, అంతే,” అన్నారాయన. “చేపలు ఎందుకు చచ్చిపోయాయో కనుక్కుని రాయి. నేనూ వస్తాను. నువ్వు చేయాల్సిన పనీ, నేను చేయించాల్సిన పనీ అదే. ఇద్దరం ఎగ్గొట్టినాం.”

మొదట ఆ ఫొటో వెనక పడ్డారు. ఇంటర్నెట్‌లో వెతికితే, అది వేరే రాష్ట్రంలో ఏళ్ల కిందట ఏదో ఫ్యాక్టరీ దగ్గర తీసిందని తేలింది. పల్లెలో దాన్ని ఎవరు పంపారని ఒక్కొక్కరినే అడిగితే, ప్రతివాళ్లూ ఇంకొకరి పేరు చెప్పారు. ఆ వరస చివర ఏ మనిషీ లేడు. మత్స్యశాఖ వాళ్ల సాయంతో ఏటి నీళ్లు పట్టి పరీక్షకు పంపారు. విషం జాడ లేదు, ప్రాణవాయువు మాత్రం దాదాపు లేదని వచ్చింది. ఏడాది పొడుగునా ఏట్లో వల వేసేవాళ్లను అడిగితే, మొన్నటి తుఫానుకు, ఏరు సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేటవేసి సముద్రపు పోటు లోపలికి రావడం మానేసిందని చెప్పారు. నిలిచిన నీళ్లలో నాచు కుళ్లి, ఎండలకు చేపలకు ఊపిరాడలేదు. మందు వాసన వచ్చిందని గట్టిగా చెప్పినవాళ్లూ ఇద్దరున్నారు. వాళ్ల మాట తన వాదానికి అడ్డం వస్తున్నా, కెజియా దాన్ని వదిలేయకుండా వాళ్ల పేర్లతో సహా రాసింది.

ఇక మిగిలింది ఒక్కటే. ఈ వ్యవహారం మొత్తంలో ఆమె నిజంగా కళ్లారా చూసి, ఎవరిదో చెప్పగలిగినది ఒక్క దెబ్బ. దాన్ని రాయాలా వద్దా అని ఆమె పెనుగులాడిన పెనుగులాట దేవుడికే తెలుసు. ఒకే కంచంలో తిని పెరిగిన అన్న. రాసింది. పోలీసు స్టేషనుకు పోయి అదే మాట చెప్పి సంతకం పెట్టింది.

ఆ మాట విన్న క్రీస్తురాజు వల తాడు తీసుకుని కూతుర్ని వీపు మీద వాతలు తేలేలా కొట్టాడు. కొడుతూ తనే ఏడ్చాడు. పరాయివాడి కన్ను కోసం సొంత అన్నను జైలుకు పంపుతావా అన్నాడు. ఆమె చేతులు అడ్డం పెట్టలేదు.

“అబద్ధం రాసినప్పుడు మీరందరూ మెచ్చుకున్నారు నాయనా,” అంది. “నిజం రాస్తే కొడుతుండావు.”

పల్లె పెద్దలు పంచాయతీ పెట్టి ఆమెను పిలిపించారు. వలలు ఆరేసే మైదానంలో ఊరంతా చేరింది. కృపాదానం గారు కూడా వచ్చారు. కెజియా నిలబడి రెండో వ్యాసం చదవడం మొదలుపెట్టింది. ఈసారి గొంతులో తీపి లేదు. ఏది ఎవరు చెప్పారో, ఏది తను చూసిందో, ఏది తనకు తెలియదో విడివిడిగా చెప్పింది. కళ్లారా చూసిన మత్స్యకారులెవరూ లేరని, వాళ్లను తనే పుట్టించానని చదివినప్పుడు గుంపులో గుసగుస లేచింది. కన్ను పోగొట్టిన దెబ్బ మా అన్నదే, నేను చూశాను అని చదవగానే రాయి ఒకటి వచ్చి నుదుటికి తగిలింది. కాగితాలు ఇసుకలో పడ్డాయి. ఇంకో రాయి వచ్చి కృపాదానం గారి భుజానికి తగిలింది. కుర్రవాళ్లు నలుగురు ఆమె మీదికి ఉరికారు. ఒకడు జడ పట్టుకుని వంచాడు.

క్రీస్తురాజు లేచాడు. ఆ కుర్రవాడి మెడ పట్టుకుని అవతలికి విసిరేశాడు. తర్వాత వంగి, చెదిరిన కాగితాలు ఏరి, ఇసుక దులిపి కూతురి చేతికిచ్చాడు. ఆయనకు చదువు రాదు. ఏ కాగితం ముందో ఏది వెనకో తెలియదు. ఆమె పక్కనే నిలబడ్డాడు. నెత్తురు కంట్లోకి కారుతుంటే తుడుచుకుంటూ కెజియా చివరిదాకా చదివింది.

పల్లె ఒక్కరోజులో మారిపోలేదు. క్రీస్తురాజు ఇంటితో చాలామంది మాటలు మానేశారు. అయితే కొన్నాళ్లకు పోటు తగ్గిన సమయం చూసి ఆడా మగా పారలు పట్టుకుని ఏటి మొగ తవ్వారు. సముద్రం మళ్లీ లోపలికి వచ్చింది. ఆ వేసంగిలో చేపలు చావలేదు. హజరత్తయ్య గుంటలు అమ్ముకుని కోటకు వెళ్లిపోయాడు. బెన్హర్ మీద కేసు నడుస్తోంది. జైల్లో చూడటానికి ములాఖత్‌కు పోయిన చెల్లెలితో అతను ఇంతవరకు మాట్లాడలేదు. అయినా ఆమె పోతూనే ఉంది.

మరుసటేడు కాలేజీలో మళ్లీ వ్యాసాల పోటీ పెట్టారు. పిల్లలు కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాక కృపాదానం గారు లేచి నిలబడ్డారు.

“నిరుడు నేనొక వ్యాసానికి మొదటి బహుమతి ఇచ్చాను,” అన్నారు. “భాష చూసి ఇచ్చాను. ఎవరు చెప్పారమ్మా అని ఒక్క మాట అడగలేదు. ఆ ఒక్క మాట అడగనందుకు ఒక మనిషికి కన్ను పోయింది. పిల్లలకు రాయడం నేర్పాను గాని అడగడం నేర్పలేదు. ఆ తప్పు నాది, ఈ బడిది. ఇవాళ మీకు గంట కొట్టి కాగితాలు లాక్కోవడం లేదు. నెలరోజులు తీసుకోండి. చూసింది చూశానని రాయండి, విన్నది ఎవరి దగ్గర విన్నారో రాయండి, తెలియనిది తెలియదని రాయండి. అందులో సిగ్గులేదు. కాని మీ కలం కింద ఏ మనిషి పేరైనా పడబోతుంటే, ముందు ఆ మనిషి గడప తొక్కి అడిగి రండి. అడగకుండా రాసింది వ్యాసం కాదు, దెబ్బ.”