దిగని చెయ్యి

పొద్దున్నే కెథడ్రల్ తలుపులు తీయగానే ఆంబ్రోస్ మొదట చేసే పని అనుమానించడం. కొవ్వొత్తుల పెట్టె నిన్నటికన్నా తేలిగ్గా ఉందేమిటి? ఆ మూల కుర్చీ ఎవడు జరిపాడు? ముప్ఫై ఏళ్ళుగా ఆ చర్చి తాళాలు, దీపాలు, వచ్చేపోయే జనం అన్నీ చూసుకునేది అతనే. పావురాన్ని కూడా ఎగాదిగా చూసిగానీ లోపలికి రానివ్వడని ఊళ్ళో వేళాకోళం.

ఈ వారం అతని అనుమానమంతా బార్నబీ మీదే. పదమూడేళ్ళ బార్నబీ చర్చి కోయిర్‌లో అందరికన్నా పెద్ద ట్రెబుల్. తారస్థాయిలో పాడే ఆ మగపిల్లల గొంతు మీసం మొలిచేదాకానే ఉంటుంది. నయంకాని జబ్బులున్న పిల్లల ఆసుపత్రికి విరాళంగా అతని చేత ఆరు పాతకాలపు బరోక్ పాటలు పాడించి రికార్డు చేస్తున్నారు. ఐదు అయ్యాయి, ఆరోది ఈ శనివారం. పిల్లాడేమో సోమవారం నుంచి నోరు విప్పడం లేదు. గుడ్‌మార్నింగ్ అంటే తలూపి పోతున్నాడు.

"గొంతు పోయుంటుంది సార్. దాస్తున్నాడు," అన్నాడు ఆంబ్రోస్, సంగీతం మాస్టారు పెనరీతో.

"నేనే మాట్లాడొద్దన్నానయ్యా. ఇవాళో రేపో పోయే గొంతు, వాగి పాడుచేసుకోమంటావా?"

"అందరూ అలాగే చెబుతారు లెండి."

శనివారం చప్పుడు రాకుండా హీటర్లు ఆపేశారు. వంటగదిలో ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేశారు. పియానోకి ముత్తాతలాంటి హార్ప్సికార్డ్‌ని శ్రుతి చేసే సైలస్ వేళ్ళమీద ఊదుకుంటూ ఒక్కో తీగనీ నాలుగేసిసార్లు మీటుతున్నాడు.

"బాగానే ఉంది కదయ్యా!" అన్నారు పెనరీ.

"నా చెవి మీద నాకు నమ్మకం లేదు సార్. ఇంకొక్కసారి."

సైలస్, ఆంబ్రోస్ చిన్నప్పుడు ఇదే కోయిర్‌లో పక్కపక్కన నిలబడి పాడినవాళ్ళే. ఇప్పటికీ ఒకే ఫ్లాస్కులో టీ తాగుతారు.

ఆ కోయిర్‌లో ఓ పద్ధతుంది. తప్పు పాడినవాడు పాట ఆపకుండా చెయ్యెత్తాలి. ఎత్తితే సరే, ఎవరూ పల్లెత్తు మాటనరు. ఎత్తకుండా తప్పించుకోబోతే, కోయిర్ బల్ల చివర చెక్కిన కొయ్య దేవదూత తన కుడిచెయ్యి ఎత్తి, అసలువాడు ఎత్తేదాకా దించదు. ఏడాదికోసారి దాని భుజానికి మైనం పట్టించడం ఆంబ్రోస్ పనుల్లో ఒకటి.

బార్నబీ ఆరో పాట అందుకున్నాడు. మధ్యలో ఊపిరి బిగబట్టి నిలిపే పైస్వరం దగ్గరికి రాగానే కిర్రుమంది. దేవదూత చెయ్యి లేచింది.

"బార్నబీ?" అన్నారు పెనరీ.

"నేను తప్పు పాడలేదు సార్."

రికార్డు రెండుసార్లు విన్నారు. స్వరం కడిగిన గాజులా ఉంది.

"చెక్క అబద్ధమాడదు సార్. నేను ముందే చెప్పలా?" అన్నాడు ఆంబ్రోస్.

పిల్లాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి దిగేదాకా అక్కడ పాట ఉండదు. మూడింటికి మైకులు పట్టుకెళ్ళిపోతారు. ఈలోగా పాడకపోతే ఆ గొంతుతో ఆ పాట ఇక ఎప్పటికీ లేదు. పైగా తప్పు చేసి దాచాడన్న మాట జీవితాంతం వెంట వస్తుంది.

"పిల్లాణ్ణి అనకండి సార్," అన్నాడు సైలస్ లేస్తూ. "నేనే ఏదో తీగ తప్పు బిగించుంటాను." చెయ్యెత్తాడు.

దేవదూత చెయ్యి దిగలేదు.

సైలస్ చెయ్యి అలా పైన ఉండటం చూసి ఆంబ్రోస్‌కి ఆ రోజు కళ్ళముందు కదిలింది. నలభై ఎనిమిదేళ్ళ కిందట ఇదే పాట, ఇదే స్వరం. పక్కపక్కన నిలబడి ఇద్దరూ కలిసి పాడుతుంటే గొంతు జారింది ఆంబ్రోస్‌ది. అతను చేతులు కట్టుకుని నిలబడితే సైలస్ ఎత్తాడు. అప్పుడు దేవదూత మోసపోయింది. సైలస్ గొంతు పోతోందని ఆ నెలలోనే ఇంటికి పంపేశారు. ఆ పాట మళ్ళీ ఇక్కడ ఎవరూ పాడలేదు, ఇవాళ్టిదాకా.

తను దాచాడు కాబట్టే, లోకంలో అందరూ ఏదో దాస్తున్నట్టే కనబడ్డారు అతనికి.

తలుపు దగ్గర నల్లగౌనులో నిలబడి ఆంబ్రోస్ మెల్లగా చెయ్యెత్తాడు.

"నాదే సార్. ఇవాళ్టిది కాదు. సైలసూ, ఆ రోజు తప్పింది నా గొంతు. నాకు అప్పుడే తెలుసు."

కిర్రుమంటూ దేవదూత చెయ్యి దిగి ఒళ్ళో పడింది.

సైలస్ చెయ్యి మాత్రం దింపడం మరిచిపోయాడు. "నేనే అనుకున్నాను," అన్నాడు. "ఇన్నేళ్ళూ నేనే అనుకున్నాను ఆంబ్రోసూ."

ఆంబ్రోస్ బార్నబీ దగ్గరికి వెళ్ళి, "నన్ను క్షమించు బాబూ," అన్నాడు. పిల్లాడు గొంతు దాచుకుని తలూపాడు.

పెనరీ గడియారం చూశారు. "సైలస్, చలికి శ్రుతి జారినట్టుంది. ఒకసారి చూడవయ్యా."

సైలస్ కూర్చున్నాడు. ఒక్కో తీగనీ ఒక్కసారే మీటి, ఒక్కసారే బిగించాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు.

"సరిగ్గా ఉంది సార్," అన్నాడు. "పిల్లాణ్ణి పాడమనండి."