తూదా బట్టల తివాచీ

ఆ చలికాలం చివర్లో పట్టిన ముసురుకి మా అన్నయ్య బాసూ ఇంటి వెనక గోడ కూలింది. మట్టి గోడ. దానికి అవతల మేకలుండేవి, ఇవతల తూదా పడుకునేది. మేకలకు ఏమీ కాలేదు. ఊరంతా చేరి మట్టి తవ్వి తీసేసరికి పిల్ల ఒళ్ళు చల్లబడిపోయింది. పదిహేడేళ్ళది. అన్నయ్యకూ యమ్నా వదినకూ ఉన్నది అదొక్కతే.

మిగిలిన సగం ఇల్లు కూడా నమ్మదగ్గట్టు లేదని, ఎండాకాలంలో మగవాళ్ళంతా కలిసి పైన బండ్ల దారి పక్కన సిమెంటు దిమ్మెలతో కొత్త ఇల్లు కట్టారు. గోడలకు సున్నం కొట్టారు. గుమ్మం నిలబెట్టారు. మా అమ్మ ఇజ్జా కర్ర ఊతంతో పైకెక్కి వచ్చి, లోపల నాలుగు మూలలూ చూసి, నావైపు తిరిగి, "ఇల్లులా లేదే ఇట్టో, ఆసుపత్రిలా ఉంది. ఇందులో మనుషులు బతకడానికి రావాలా, చావడానికా?" అంది. ఆ మాట నోట్లోంచి వచ్చాక వదిన వైపు చూసి నాలిక కరుచుకుంది.

మా లోయలో ఇంటికి అలంకారం లేకపోతే అది ఇల్లు కింద లెక్క కాదు. అందుకని తలా ఒకటి తెచ్చాం. మా ఆయన దేవదారు చెక్క మీద నక్షత్రాలు చెక్కి గోడకు అల్మారా బిగించాడు. నేను తాటాకు చాప అల్లి కిటికీ కింద ఆనించాను. మా మేనత్త కూతురు ఆకుపచ్చ మెరుగు పెట్టిన జాడీ పంపింది. అమ్మ వేలితో గోరింట ముద్ద అద్ది ద్వారబంధం మీద కన్ను, దువ్వెన, గోధుమ వెన్ను గీసింది. ఇత్తడి పళ్ళెం తోమి అల్మారాలో నిలబెడితే గది కాస్త కళ్ళు తెరిచినట్టయింది.

నేల మాత్రం అలాగే ఉంది, బూడిదరంగు సిమెంటు. అమ్మ తన పెళ్ళికి నేసుకున్న ఉన్ని తివాచీ ఆ కూలిన గదిలోనే ఉండిపోయింది. మట్టిలో నాని కుళ్ళిపోయింది. కొత్తది నేద్దామంటే వానల్లేని ఏళ్ళలో గొర్రెల్ని అమ్ముకున్నాం. వదిన ఇంట్లో ఉన్న ఉన్ని పడుగుకు సరిపోతుందేమో గాని, పేకకు చాలదు.

"పీలికలతో నెయ్యి. పాత బట్టలు నేనిస్తా," అన్నాను.

"నా దగ్గరున్నాయి," అంది వదిన.

ఏ బట్టలో అప్పుడు నేనడగలేదు.

తూదా పోయిన కొత్తలోనే అమ్మ చెప్పింది, పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదు, లేనివాళ్ళకి ఇచ్చెయ్యమని. వదిన సరేనంది. ఒక గౌను, ఒక జత చెప్పులు ఇచ్చింది. మిగతావి పెట్టెలో అడుక్కు నెట్టి పైన దుప్పట్లు పేర్చింది. గోడ కూలిననాడు ఆ పెట్టె ముందు గదిలో ఉండబట్టే బట్టలు మట్టి పాలు కాలేదు.

మగ్గం నిలబెట్టిన రోజు నేనూ వెళ్ళాను. పడుగు పోసుకుని, దూలాలకు బిగించుకుని, మగ్గం వెనక ఇద్దరం కూర్చున్నాం. అప్పుడు వదిన పెట్టె తెరిచింది. పసుపుపచ్చ తలగుడ్డ తీసింది. ఎర్ర స్వెట్టరు తీసింది. బడికి వేసుకెళ్ళే తెల్లకోటు, మోకాలి దగ్గర అతుకు వేసిన నీలం పైజామా, మా చెల్లెలి పెళ్ళికి కుట్టించిన తళుకుల గౌను. అన్నిటినీ ఒళ్ళో పెట్టుకుని కత్తెర పట్టుకుంది. పట్టుకుని అలాగే కూర్చుంది.

"నేను కోయనా వదినా?"

"వద్దు. కన్నది నేనే, కోసేది నేనే."

కత్తెర పసుపుపచ్చ గుడ్డ అంచున పెట్టి కళ్ళు మూసుకుంది. మొదటి పీలిక తెగింది. తర్వాత ఆమె చెయ్యి ఆగలేదు. నేను పీలికలు ఉండచుట్టాను, ఆమె పడుగులో దూర్చి ఇనుప దువ్వెనతో గట్టిగా కొట్టింది.

అమ్మకు తెలిసింది. తెలిస్తే ఊరుకునే మనిషి కాదు.

"దానం చెయ్యమంటే దాచుకున్నావా? దొంగ మొహందానా! ఆ పిల్ల అక్కడ నెమ్మదిగా పడుకోవద్దా? కొంగు పట్టుకుని ఇక్కడికి లాగుతావా?"

"అత్తా, పక్కింటి పిల్ల వేసుకుని మా గుమ్మం ముందు నడిస్తే నేను చూడగలనా? నువ్వు చూడగలవా?"

అమ్మ కర్ర నేలకేసి కొట్టింది. మర్నాడు వచ్చి మగ్గం పక్కన చతికిలబడి, "అంచు వంకరపోతోంది. కళ్ళెక్కడ పెట్టుకున్నావే? జరుగు," అని దువ్వెన లాక్కుంది. ఆ రోజు నుంచి ముగ్గురం నేశాం.

అన్నయ్య ఆ గదిలోకి వచ్చేవాడే కాదు. తెల్లారితే అక్రోటు తోటకు పోయేవాడు, పొద్దుగూకాక వచ్చేవాడు. మగ్గం దగ్గర ఆడవాళ్ళుంటే మగవాళ్ళు రారు, మామూలే. ఒకనాడు కంచర గాడిదకు తాడు కావాలని లోపలికి తొంగిచూశాడు. తాడు కోసం చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఆ పసుపుది తూదాది."

"అవును," అంది వదిన.

"అన్నీ దానివేనా?"

"అన్నీ."

"నేల మీద పరుస్తావా? కాళ్ళ కింద? నా కూతుర్ని తొక్కుతూ టీ తాగమంటావా వచ్చినవాళ్ళని?"

వదిన లేచి నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు. "పెట్టెలో ఉంటే చిమ్మెట తింటుందయ్యా. గోడకు తగిలిస్తే చూసి చూసి ఏడుస్తాం. నేల మీద ఉంటే దాని మీద కూచుంటాం, తింటాం, పడుకుంటాం. నాకది ఇంట్లో ఉండాలి. ఇంట్లో ఉన్నవాళ్ళు ఎక్కడుంటారో అక్కడే ఉండాలి."

అన్నయ్య తాడు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. వద్దని అనలేదు. సరే అని కూడా అనలేదు.

తివాచీ పూర్తయింది. మగ్గం మీంచి కోసేటప్పుడు మా వైపు దాని మీద నీళ్ళు చల్లుతాం. అంతవరకూ తివాచీకి ప్రాణం ఉన్నదని, కోయగానే పోతుందని మా పెద్దవాళ్ళ నమ్మకం. అందుకే పోయేవాళ్ళ దగ్గర చెప్పే మాటలే చెబుతాం. ఆ పని ఎప్పుడూ అమ్మదే. గిన్నె చేతిలోకి తీసుకుని నోరు తెరవబోతుంటే వదిన అడ్డంగా చెయ్యి చాపింది.

"నేను పోస్తా అత్తా. ఆ పూట దాని నోట్లో చుక్క నీళ్ళు పొయ్యలేకపోయాను."

అమ్మ గిన్నె ఇచ్చేసింది. వదిన వేళ్ళు ముంచి పై అంచు నుంచి కింది అంచు దాకా చల్లుకుంటూ వచ్చింది, ఆ మాటలు పూర్తిగా చెప్పింది, ఒక్కటీ తడబడలేదు. తర్వాత అమ్మ పడుగు కోసింది. నేను బయటకు వెళ్ళి గోడవారగా నిలబడ్డాను.

పరిచాక గది మారిపోయిన మాట నిజం. సున్నం గోడల మధ్య పసుపు, ఎరుపు, నీలం, అక్కడక్కడ తళుకు. కిటికీలోంచి ఎండ పడితే ఆ తళుకులు ఇంటి కప్పు మీద చుక్కలు పెట్టేవి. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. బట్టలెవరివో ఊళ్ళో అందరికీ తెలుసు, కాబట్టి చెప్పులు వాకిట్లోనే విడిచి, "బిస్మిల్లా" అనుకుని మెల్లగా కాలు పెట్టేవాళ్ళు.

అన్నయ్య ఒక్కడే పెట్టలేదు. అల్మారా దగ్గరికి వెళ్ళాలంటే గోడకు వీపు ఆనించి పక్కపక్కకు జరుగుతూ వెళ్ళేవాడు. అన్నం వేళకు మేమంతా తివాచీ మీద పళ్ళెం చుట్టూ కూర్చుంటే, తను రొట్టె ముక్క చేతిలో పట్టుకుని గడప మీద కూర్చునేవాడు.

"ఏరా, బల్లివా? గోడలు పట్టుకు పాకుతున్నావు!" అని అమ్మ దెప్పేది.

"నాకిక్కడే బాగుందమ్మా."

"చలిగాలి వీపుకి కొడుతుంటే బాగుందిరా? నీ తండ్రి కూడా ఇంతే మొండి, నడుం పట్టేసి పోయాడు."

వదిన మాత్రం గడప దగ్గరికి టీ గ్లాసు తీసుకెళ్ళి ఇచ్చేది, ఖాళీ గ్లాసు తెచ్చుకునేది. చలికాలమంతా అలాగే గడిచింది. ఒకే ఇంట్లో ఉన్నా వాళ్ళిద్దరి మధ్యా ఆ తివాచీ వెడల్పంత దూరం ఉండేది.

బాదం చెట్లు పూసే వేళకు హెన్నూ వచ్చింది. తూదాకు ప్రాణ స్నేహితురాలు. పక్క లోయకు పెళ్ళయి వెళ్ళింది, గోడ కూలిననాటికి పురిటి నెలల్లో ఉండి రాలేకపోయింది. చంకలో కొడుకుతో గుమ్మం దాకా వచ్చి ఏడుపు ఆపుకోలేక అక్కడే కూలబడింది. వదిన లేపి లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఏడ్చి ఏడ్చి తేరుకున్నాక హెన్నూ కిందికి చూసింది. ఒక నీలం పట్టీ మీద వేలు పెట్టింది.

"అత్తా, ఇది నాది!"

"ఏది?"

"ఈ నీలం పైజామా. బడిలో ఉన్నప్పుడు ఒక్క రోజుకని తీసుకుంది. అడిగితే పోయిందంది. నాలుగు తిట్లు తిట్టాను కూడా. అబద్ధాలకోరు! మోకాలి దగ్గర అతుకు నేనే వేశాను, చూడు, నా కుట్టే."

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. అమ్మ కూడా నవ్వింది. "మా వంశంలో అందరూ అంతే, తీసుకుంటే తిరిగివ్వరు," అంది. గడప మీద అన్నయ్య తల తిప్పి లోపలికి చూశాడు.

ఈ సందడిలో పిల్లాడి సంగతి ఎవరికీ పట్టలేదు. వాడు పాక్కుంటూ వెళ్ళి మజ్జిగ కుండను రెండు చేతులా కౌగిలించుకున్నాడు. కుండ బోర్లాపడింది. తివాచీ నడిమధ్య తెల్లగా పారింది. వాడు అందులో కూర్చుని, తన వంతు నీళ్ళు కూడా కలిపాడు.

హెన్నూ సిగ్గుతో చచ్చిపోయింది. వదిన ఆమెకేసి చూసి, "ఏం కాదులేవే. ఎప్పుడో ఒకప్పుడు ఉతకాల్సిందేగా," అంది.

పీలికల తివాచీ తడిస్తే బండరాయే. వాగు దాకా మోయడం ఆడవాళ్ళ వల్ల కాదు. అన్నయ్య గాడిదను తోలుకొచ్చాడు. చుట్టి ఎత్తి దాని మీద వేసేటప్పుడు చేతులతో పట్టుకున్నాడు, ఆ మాత్రం చేశాడు. వాగు దగ్గర దింపి, దూరంగా ఒక రాయి మీద కూర్చున్నాడు.

మంచు కరిగే రోజులు. నీళ్ళు మోకాలి లోతే గాని ఉరవడిగా ఉన్నాయి. వదినా నేనూ హెన్నూ తివాచీని నీళ్ళలో పరిచి, అంచుల మీద రాళ్ళు పెట్టి, తొక్కడం మొదలుపెట్టాం. కొయ్యలా బిగుసుకుపోయే చలి. నాలుగు అడుగులు వేశామో లేదో పై అంచున రాయి దొర్లింది. నీళ్ళు కిందికి దూరి తివాచీని పొంగించాయి. మా కాళ్ళ కిందనుంచి జారిపోయింది. నేను పడ్డాను. హెన్నూ కొస పట్టుకుంది గాని నిలవలేదు.

"పోతోంది! బాసూ, పోతోంది!" వదిన అరిచింది. ఆమె అలా అరవడం అంతకు ముందొక్కసారే విన్నాను.

అన్నయ్య ఎప్పుడు లేచాడో తెలియదు. బట్టలతోనే వాగులోకి దూకాడు. చేత్తో పట్టుకోబోతే అందలేదు. ఇంకో రెండడుగులు పరిగెత్తి, రెండు కాళ్ళూ ఎత్తి దాని మీదకు దూకి నిలబడ్డాడు. తివాచీ అడుగుకి అణిగి ఆగింది.

అలాగే నిలబడిపోయాడు. నీళ్ళు మోకాళ్ళ చుట్టూ సుడి తిరుగుతున్నాయి. తన పాదాల కేసి చూసుకుంటున్నాడు. ఎర్ర స్వెట్టరు రంగు వదిలి ఆయన కాళ్ళ మధ్యనుంచి సన్నటి చారలా పారుతోంది. ముఖం మీద నీళ్ళు వాగువో కళ్ళవో చెప్పలేను. భుజాలు మాత్రం ఎగిరెగిరిపడుతున్నాయి. మేం ముగ్గురం కదలలేదు.

చాలాసేపటికి కుడికాలు ఎత్తాడు. మెల్లగా దించాడు. ఎడమకాలు ఎత్తాడు. పసిపిల్ల వీపు తట్టే తల్లిలా మెత్తగా తొక్కాడు.

"సబ్బు ఇవ్వు," అన్నాడు వదినతో.

వదిన నీళ్ళలోకి దిగి ఇచ్చింది. ఆయన పక్కనే నిలబడి తనూ తొక్కింది. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరకు. నేను హెన్నూ చెయ్యి పట్టుకుని గట్టు మీదకు తీసుకొచ్చేశాను.

రాళ్ళ మీద ఆరేశాక చూస్తే ఎర్రరంగు పక్క పీలికలకు అంటి, తెల్లకోటు గులాబీ రంగుకు తిరిగింది. అయ్యో అన్నాను. "బాగానే ఉంది," అన్నాడు అన్నయ్య.

ఆరిన తివాచీని ఇంటికి తెచ్చి మళ్ళీ పరిచాం. అన్నయ్య చెప్పులు విడిచి, నేరుగా నడిచి వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు. అమ్మ రొట్టె, నూనె ముందుకు జరిపింది. బల్లి మాట ఎత్తలేదు. ఆయన కాసేపు తిన్నాడు. తర్వాత అరచేత్తో ఒక పట్టీని నిమిరి, "ఇదేంటి?" అని అడిగాడు.

"బడి కోటు," అంది వదిన. "జేబు చిరిగిందని మాస్టారు ఇంటికి పంపేశాడు చూడు, అది."

"నాకు చెప్పలేదే."

"నువ్వు తిడతావని చెప్పొద్దంది."

"ఇది?"

ఆ తళుకుల గౌను వేసుకుని పెళ్ళిలో ఎలా ఆడిందో హెన్నూ చెప్పింది. ఎర్ర స్వెట్టరు చేతులు పొడుగైతే అమ్మే మడిచి కుట్టిందట. తోటలోనే పొద్దంతా గడిపే అన్నయ్యకు ఇవేవీ తెలియవు. ఒక్కొక్కటీ అడుగుతూ, వింటూ, మధ్యమధ్య తల ఊపుతూ కూర్చున్నాడు. టీ రెండోసారి కాచాను.

అంచు దగ్గర సన్నటి ఆకుపచ్చ పీలిక ఒకటుంది. దాని మీద వేలు పెట్టి ఇదేమిటన్నాడు. వదిన చూసింది, అమ్మ వంగి చూసింది, నేనూ చూశాను. అది ఏ బట్టలోదో ఎవరికీ గుర్తు రాలేదు. అన్నయ్య మళ్ళీ అడగలేదు. వేలు తియ్యనూ లేదు.