ఎవరూ నేర్చుకోని భాష

ఫోటో స్టూడియో మూతపడి నా ఉద్యోగం పోగానే మా ఇంట్లో అందరూ ఒకేసారి గురువులైపోయారు. ఫోటోల్లో మొహాల మీద మచ్చలు చెరపడం నా పని. ఆ పని కంప్యూటర్ తనంతట తానే చేసేస్తుంటే ఇక నేనెందుకు? నా పని అది లాక్కుంది కాబట్టి దాని పనేదో నేనే నేర్చుకుంటానని పంతం పట్టాను. ఒక్క జీతంతో ఇల్లు ఈడ్చడం కూడా కష్టంగానే ఉంది. సరే, ప్రోగ్రామింగ్ అయితే ఏ భాష? అక్కడ మొదలైంది రభస.

"పైథాన్ నేర్చుకో అక్కా. కళ్లు మూసుకుని చేరిపో," అన్నాడు మా తమ్ముడు. వాడు అమ్మేది ఫ్రిజ్‌లు. అయినా ప్రపంచంలో ప్రతి విషయానికీ వాడి దగ్గర ఓ సలహా సిద్ధంగా ఉంటుంది.

"ఊళ్లో ప్రతివాడూ అదే నేర్చుకుంటున్నాడు. ఆ తోపులాటలో ఈ వయసులో మీ అక్కనెవడు పిలుస్తాడు?" అన్నారు మా ఆయన. తర్వాత నా వైపు తిరిగి, "నా మాట విని కోబాల్ నేర్చుకో. ఇప్పుడు దాన్నెవరూ నేర్చుకోవడం లేదు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే రిటైరైపోతున్నారు. బ్యాంకులూ బీమా కంపెనీలూ చూస్తే ఇంకా దాని మీదే నడుస్తున్నాయి. మనిషి దొరికితే నెత్తిన పెట్టుకుంటారు," అన్నారు.

"బావా, అది డైనోసార్ల కాలం నాటిది కదా!"

"ఆ డైనోసారే ఇన్నాళ్లూ మీ అక్కకి అన్నం పెట్టింది."

అదీ నిజమే. మా ఆయన ఒక బీమా కంపెనీలో చేరిన నాటి నుంచీ కోబాలే రాస్తున్నారు. ఎవరెంత ప్రీమియం కట్టాలో లెక్కగట్టే ప్రోగ్రాములన్నీ ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. పైగా ఇంట్లోనే మాస్టారు, ఫీజు లేదు. నేను కోబాల్‌కే ఓటేశాను.

గ్లాసు తీసినచోట పెట్టని మనిషి, పాఠం దగ్గర మాత్రం నన్ను చంపుకు తినేవారు. "వాక్యం చివర చుక్క ఏదీ? చుక్క లేకపోతే దానికెలా తెలుస్తుంది అయిపోయిందని?" అంటూ విరుచుకుపడేవారు. నాకా, ముక్కు మీదే కోపం. పెన్ను విసిరేసి లేచిపోయేదాన్ని. మర్నాడు మళ్లీ నేనే వెళ్లి కూర్చునేదాన్ని. చివరికి ఒకరోజు నేను రాసింది మొత్తం చదివి, ఏమీ అనకుండా తల ఊపారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాత ఓ ఉద్యోగాల ఏజెన్సీ నుంచి పిలుపొచ్చింది. 'ఒక బీమా సంస్థ' అన్నారే గానీ పేరు చెప్పలేదు. ఎంపికయ్యేదాకా చెప్పరట. ఆ రోజు మా ఆయన సెలవు పెట్టి, నా బట్టలు తనే ఇస్త్రీ చేసి పంపించారు.

ఏజెన్సీ ఆఫీసులో ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కంపెనీ తరఫున వచ్చిన మేనేజరు కుర్రవాడే, మర్యాదస్తుడు. తెర మీద ఒక ప్రోగ్రాము తెరిచి, "ఇందులో తప్పెక్కడుందో చూడండి," అన్నాడు.

చదవడం మొదలుపెట్టాను. కూడిక మొదలెట్టే ముందు మొత్తాన్ని సున్నా చేయడం అందరూ చేసేదే. ఇందులో మాత్రం పని అయిపోయాక మళ్లీ ఒకసారి సున్నా చేసి ఉంది, వంటయ్యాక గిన్నె కడిగి బోర్లించినట్టు. మా ఆయన నాకు నేర్పిందీ ఇలాగే. పాతవాళ్లంతా ఇలాగే రాస్తారు కాబోలు అనుకుని, సొంతింట్లో తిరిగినట్టు చకచకా చదువుకుంటూ పోయాను. తప్పు దొరికింది. ఒక షరతు మధ్యలో చుక్క పడి, కొందరికే పడాల్సిన రుసుము అందరికీ పడుతోంది. ఆ చుక్క తీసేసి, ఎవరో మరిచిపోయిన ఇంకో మొత్తాన్ని కూడా అలవాటు కొద్దీ చివర్లో సున్నా చేశాను.

మేనేజరు తెర వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

"ఆశ్చర్యంగా ఉందండీ! ఇలా చివర కూడా సున్నా చేసేది మా ఆఫీసులో ఒక్కాయనే. ఈ ప్రోగ్రాములు రాసిందీ ఆయనే. ఇంకెవరూ చేయగా నేను చూడలేదు."

"ఏ ఆఫీసండీ?" అన్నాను. ఎలాగూ మీరు ఎంపికైనట్టే కదా అని నవ్వుతూ చెప్పాడు. రోజూ మా ఆయన మెడలో వేలాడే కార్డు మీది పేరే.

"మరి... ఆయన ఉన్నారు కదా?"

అతను గొంతు తగ్గించాడు. "పెద్దాయన జీతం బాగా పెరిగిపోయిందండీ. ఈ భాష వచ్చినవాళ్లు దొరక్క ఇన్నాళ్లూ ఆయన్ని ఉంచాం. మీరు చేరి పని అందుకోగానే పంపించేస్తాం. ఆయనకింకా తెలీదు. మీరూ ఎక్కడా అనకండి."

నా సర్టిఫికెట్లన్నీ పుట్టింటి పేరుతో ఉన్నాయి. నేనెవరినో అతనికేం తెలుసు? బల్ల మీదున్న నీళ్లు అతని మొహాన కొట్టాలనిపించింది. చేతులు లేవలేదు. ఎవరూ నేర్చుకోలేదు కాబట్టే ఆయన ఉద్యోగం ఇన్నాళ్లు నిలిచింది. నేర్చుకున్న ఒక్క మనిషినీ ఆయనే కూర్చోబెట్టి, చుక్క చుక్కా దిద్ది తయారు చేశారు.

"నేను చేరనంటే?" అన్నాను.

"ఇంకొకరి కోసం చూస్తామండీ. ఆలస్యమైనా దొరక్కపోరు," అన్నాడు, అదే మర్యాదతో.

లేచి వచ్చేశాను. చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుమిట్టాడాను. చెప్పకుండా ఆ మనిషి పక్కన అన్నం ఎలా తింటాను? ఇంటికొచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఉన్నారు.

"వచ్చిందా?"

తల ఊపాను.

"నాకు తెలుసు! ఏ కంపెనీ?"

"మీదే."

పగలబడి నవ్వారు. "మాదా! అయితే నా మాట విన్నారన్నమాట! ఒక్కణ్ణీ చేసుకోలేక చస్తున్నాను, రెండో మనిషిని ఇవ్వండి మహాప్రభో అని ఎన్నాళ్లుగా మొత్తుకుంటున్నానో! ఇస్తే ఇచ్చారు, అదీ నిన్ను!"

టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లబోయి మళ్లీ వెనక్కి వచ్చారు. ఆ మొహంలో అంత సంతోషం చూసి ఎంత కాలమైందో నాకే గుర్తులేదు.

"రేపు వెళ్లగానే నా పక్క టేబుల్ ఖాళీ చేయిస్తాను. దాని నిండా చెత్తే," అన్నారు.

"పక్క టేబుల్ అక్కర్లేదండీ," అన్నాను. "మీ టేబులే ఇస్తారట."