మోరికి వేసిన మార్కులు

నాకు అక్షరాలు యాభై నాలుగో ఏట వచ్చాయి. మాటకూ మాటకూ మధ్య చాలాసేపు ఆగుతాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే చదివేవాళ్ళు సర్దుకోవాలి. పైగా మా ఇంట్లో మాట్లాడేది తండా మాట, తెలుగు కాదు. ఇది మా ఇంటాయన ఒక్క రోజు కథ. కొంత బస్సు డ్రైవరు చెప్పాడు, కొంత ఇంజనీరమ్మ చెప్పింది. మిగతాది ముప్పై ఏళ్ళు పక్కన బతికాను కనుక తెలుసు. నా పేరు వచ్చినచోట కూడా ఎవరో అన్నట్టే రాశాను. అట్లయితేనే చెయ్యి సాగింది.

గడ్డపారను తలకిందులుగా పట్టుకొని, మొద్దు కొసతో అడుగడుక్కీ రోడ్డును కొడుతూ నడుస్తున్నాడు తుల్సీరాం. దన్. దన్. దన్. మట్టి నిండుగా ఉన్నచోట వచ్చే చప్పుడు అది. మోరి మీదికి రాగానే మోకాళ్ళు వంచి తల పక్కకు వాల్చాడు. ఎడమ పక్క, అంచు దగ్గర, డబ్ అంది. నిన్న ఆ డొల్ల చప్పుడు అరచెయ్యంత మేర వచ్చేది. ఇవాళ తట్టంత మేర వస్తోంది.

చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపి ఇచ్చింది, చెట్ల మీంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి.

గంగారం అడవి దిక్కు నుంచి మహబూబాబాద్ వెళ్ళే రోడ్డు మీద అతనిది ఏడు కిలోమీటర్ల గ్యాంగు పని. ఇరవై నాలుగేళ్ళుగా అదే. తట్టలు మోసి మోసి కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగింది. మడమల పగుళ్ళలో తారు ఇంకిపోయి నల్లగీతలు పడ్డాయి. భార్య సుక్కి ఎన్నిసార్లు ఇటుకముక్కతో రుద్దినా అవి పోలేదు.

ఏడు కిలోమీటర్లలో అతను భయపడేది ఈ ఒక్క మోరికే. రోడ్డు కింద వాగునీళ్ళు పోయే రెండు సిమెంటు పైపులు. వాటి అతుకు దగ్గర సందు పడింది. వానొచ్చినప్పుడల్లా నీళ్ళు ఆ సందులోంచి మట్టిని లాక్కుపోతాయి. పైన తారు మాత్రం నున్నగా, నల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. అతను పైపులోకి పాకి, మొరమూ సిమెంటూ కలిపి కుట్టిన బస్తాలను సందులో కుక్కి వస్తాడు. లోపల వెల్లకిలా పడుకున్నప్పుడు పైన ఏదైనా బండి పోతే, పళ్ళ సందుల్లో ఇసుక రాలుతుంది. అప్పుడు కళ్ళు మూసుకొని కూతురు లత పేరు అనుకుంటాడు. దేవుణ్ణి తలిస్తే ఆయన చూపు తన మీద పడుతుందేమోనని ఇంకో భయం.

ఆ పొద్దున కూడా రెండు బస్తాలు కుక్కి బయటికొచ్చి, గట్టు మీద కూర్చొని సుక్కి కట్టిచ్చిన జొన్నరొట్టె విప్పాడు. తినబుద్ధి కాలేదు. రొట్టె కడుతూ సుక్కి అన్న మాట చెవుల్లోనే ఉంది.

"ఇయ్యాలన్న నిజం చెప్పు. పని పోతే పాయె. బస్సు పోతే ఎట్ల?"

నెల కిందట కొత్త ఇంజనీరు ఉమ చేతిలో ట్యాబ్ పట్టుకొని వచ్చింది. జనగామ పిల్ల, పాతికేళ్ళుంటాయి. పదేళ్ళలో ఈ మోరి ఎన్నిసార్లు తెగింది, ఎన్నిసార్లు కుంగింది అని అడిగింది. ఒక్కసారి గూడ లేదు మేడం, నేనున్న గద అన్నాడు తుల్సీరాం, ఛాతీ విరుచుకొని. గొప్ప కొంత, భయం ఎక్కువ. పక్క గ్యాంగులో దేవ్‌సింగ్ చూసే రోడ్డు కోసుకుపోయినప్పుడు, ఆఫీసులో మొదట అడిగింది నువ్వేం చేస్తున్నవని. ఆ నెలాఖరుకే దేవ్‌సింగ్ పని పోయింది. కాగితం పట్టుకొని ప్రశ్న అడిగేవాళ్ళు మనిషిని వెతుక్కుంటూ వస్తారని తుల్సీరాంకు అప్పుడే అర్థమైంది.

పది గంటలకు ఉమ స్కూటీ మీద వచ్చింది. నలభై మోరీల జాబితా రేపు సాయంత్రం పైకి పోతుందట. అందులో మూడింటినే కొత్తగా కడతారట. ఆఖరిసారి ఫోటోలు తీసుకోవడానికి వచ్చింది. తుల్సీరాం నిలబడి, తువ్వాల చంకలో పెట్టుకొని, నేలను చూస్తూ చెప్పేశాడు. ఈ మోరి కుంగుతుందని, ఏటా కుంగుతుందని, పోయిన నెల తను చెప్పింది అబద్ధమని.

ఆమె కోప్పడలేదు. మోరి గోడ మీద కూర్చొని, ఎన్నిసార్లో గుర్తుచేసుకోమంది. తుల్సీరాంకు తేదీలు రావు. లత పురుడు పోసుకున్న వారం. కరోనా మొదటేడు రెండుసార్లు. ఇంటి ఎర్ర ఆవుకు పాము కరిచిన మర్నాడు. మక్కలు తడిసి మొలకెత్తిన ఏడు. అట్లా చెబుతూ పోతే పదకొండు తేలాయి.

"పదకొండుసార్లు కుంగితే ఆఫీసుల ఒక్కటి గూడ రాయలేదేంది అన్నా?"

"పైన తారు కుంగనియ్యలే గద మేడం. తారు కుంగితే రాస్తరు."

ఉమ ట్యాబ్ అతని వైపు తిప్పి ఓపిగ్గా చెప్పింది. ఒక్కో మోరికి మూడు మార్కులు, ఒక్కోటి పదికి. పాడైతే నష్టమెంత అనేది మొదటిది. బస్సు తిరిగే రోడ్డు కనుక దీనికి తొమ్మిది వేసింది. ఎన్నిసార్లు పాడవుతుంది అనేది రెండోది. అక్కడున్న ఒకటిని ఇప్పుడు ఏడు చేసింది. పాడయ్యే ముందే కనిపెట్టగలమా అనేది మూడోది. తప్పకుండా కనిపెడితే ఒకటి, ఎవరికీ తెలియకపోతే పది. దీనికి ఒకటే ఉంది. మూడింటినీ గుణిస్తే వచ్చేదాన్ని బట్టే కొత్త మోరి. పోయిన నెల తొమ్మిది ఉన్నది ఇప్పుడు అరవై మూడు అయింది. దంతాలపల్లి దిక్కున ఒక మోరికి నాలుగు వందల ముప్పై రెండు ఉంది.

"మూడోది ఒకటే ఎందుకేసినవ్ మేడం?"

"నువ్వున్నవ్ గదనే. రోజూ కొట్టి చూస్తవ్. నీ అంత మంచిగ పట్టే మిషన్ ఏడ లేదు."

ఆమె మెచ్చుకోలుగానే అంది. తుల్సీరాం నవ్వాడు. "అంటే నేను పని ఎగ్గొడితే మోరికి మార్కులు పెరుగుతయన్నట్టు." ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది.

ఈ మోరిని కూడా కలపమని అప్పటికప్పుడు పెద్దసారు గణపతికి ఫోను చేసింది. ప్రతి మోరికీ ఒక కథ ఉంటదమ్మా, అందుకే గద అంకెలు పెట్టుకున్నం అన్నాడట ఆయన. ఒకటిని పది చేస్తే అబద్ధం రాసినట్టవుతుందని, అది తనవల్ల కాదని ఉమ తుల్సీరాంతో అంది. దారికి అడ్డం పెట్టే డ్రమ్ములు రేపు పంపిస్తానని, అప్పటిదాకా ఎడమ పక్క రాళ్ళు పెట్టి బండ్లను కుడి పక్కనుంచే పోనిమ్మని చెప్పింది. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూసింది.

మధ్యాహ్నం వాన మళ్ళీ పట్టుకుంది. తుల్సీరాం ప్లాస్టిక్ కవరు కప్పుకొని, పెట్టిన రాళ్ళ పక్కనే కూర్చున్నాడు. రేపు రాకపోతే? జ్వరమని దుప్పటి కప్పుకొని పడుకుంటే? నాలుగు రోజులు ఎవరూ కొట్టి చూడకపోతే, ఆ ఒకటి దానంతటదే పది అవుతుంది. నాలుగు రోజుల్లో బస్సు ఎన్నిసార్లు పోతుందో వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేశాడు. లేచి మళ్ళీ కొట్టాడు. డొల్ల చప్పుడు రోడ్డు నడిమికి వచ్చింది. ఇంకో రెండు అడుగులు జరిగి కొట్టాడు. అక్కడా డబ్ అంది. కుడి పక్కన ఇక దారి లేదు.

ఉమకు ఫోను చేశాడు. సిగ్నలు అందలేదు.

ఐదింటికి బస్సు మలుపు తిరిగింది. తుల్సీరాం తుమ్మకొమ్మ విరిచి, నడుముకు చుట్టుకున్న ఎర్ర రుమాలు విప్పి దాని కొసకు కట్టాడు. మోరికి పది అడుగుల ముందు, తారు పగులులో గుచ్చి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. డ్రైవరు హన్మంత్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏందే అన్నా, పెండ్లి ఊరేగింపా? రుమాలుతోని జెండ కట్టినవ్."

"జర బంద్ చెయ్ తమ్మీ. రోడ్డు డొల్ల వడ్డది. కిందికి పోయి ఎంతమేర పోయిందో చూసొస్త. నేను పైకొచ్చి చెయ్యి ఊపేదాక ఇంచు గూడ కదలొద్దు."

హన్మంత్ ఇంజను ఆపేశాడు. పత్తి చేన్ల నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్ళు, బడిపిల్లలు, మొత్తం నలభై ఒక్కమంది. పొద్దుగూకుతుందని, ఇండ్లల్ల పొయ్యి ముట్టియ్యాలని ఆడవాళ్ళు గొణిగారు. తుల్సీరాం గట్టు పట్టుకొని, ఎడమకాలు ముందు పెట్టి, ఎప్పటిలాగే మెల్లగా కిందికి దిగాడు.

హన్మంత్‌కు ఒక చప్పుడు వినిపించింది. పెద్దదేమీ కాదు. భుజం మీది బస్తాను నేల మీదికి దించినట్టు, అంతే. పైన రోడ్డు అట్లాగే ఉంది. కింద, వాగులోకి పడే నీళ్ళు మట్టి కలిసి ఎర్రగా మారాయి, కాసేపు సన్నబడ్డాయి, మళ్ళీ మామూలుగా పారాయి. తుల్సీరామన్నా అని పిలిచాడు. రెండోసారి పిలిచేటప్పటికి అతని గొంతు మారింది. ఆడవాళ్ళు అందరూ బస్సు దిగారు.

మర్నాడు పొద్దున ప్రొక్లెయిన్ వచ్చి తవ్వితే, పైపు మూతి దగ్గర మట్టిలో దొరికాడు. సుక్కిని నలుగురు పట్టుకున్నారు గానీ ఆమె ఏడవడం లేదు, చూస్తోంది. ఉమ తడిసిన బట్టలతోనే గట్టు మీద నిలబడి ట్యాబ్ తీసింది. చాలాసేపు అట్లాగే పట్టుకొని, తర్వాత ఒక్క వేలితో ఏదో కొట్టింది. సుక్కి చేతులు విడిపించుకొని ఆమె దగ్గరికి పోయి, ఏం రాస్తున్నవ్ బిడ్డా అని అడిగింది.

"మూడో మార్కు మార్చిన అమ్మా. పది వేసిన."

"మరి ఎంతైంది?"

"ఆరు వందల ముప్పై."

సుక్కికి అప్పటికి ఎక్కాలు రావు. "అది పెద్దదా?"

"అన్నిటికంటె పెద్దది," అని ఉమ ముఖం పక్కకు తిప్పుకుంది.

అతన్ని తండాకు తీసుకుపోయారు. రాత్రంతా అక్కడే కదలకుండా ఉన్న బస్సును మెల్లగా వెనక్కి నడిపి ఊరి దిక్కు తిప్పారు. ప్రొక్లెయిన్ పోతూ పోతూ, రోడ్డు నడుమనున్న తుమ్మకొమ్మను తప్పించుకొని పక్కనుంచి పోయింది. దాన్ని పీకెయ్యమని ఎవరూ అనలేదు. రుమాలు వానకు తడిసి, కొమ్మకు చుట్టుకొని, కొసనుంచి ఒక్కో చుక్క తారు మీదికి రాలుస్తోంది.

— సుక్కి, యాభై ఏడేళ్ళు. ఇప్పుడు భూపాలపల్లి జిల్లా ఘనపూర్‌లో బిడ్డ లత దగ్గర ఉంటున్నాను.