గొలుసు ప్రార్థన

చాప పరిచి, నాలుగు మూలలా అరచేత్తో నొక్కి, జల్లు లోపలికి కొట్టకుండా కిటికీ రెక్క దగ్గరికి వేసింది సంపూర్ణమ్మ. బెజవాడ వన్ టౌన్‌లో బియ్యం గోడౌన్ల వెనక ఉన్న ఆ చిన్న చర్చికి ఆమె బైబిల్ ఉమన్. చర్చి ఊడుస్తుంది, జబ్బు మనుషుల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేస్తుంది, శనివారం సాయంత్రం ఎదిగే పిల్లల్ని కూర్చోబెట్టుకుని భక్తి నేర్పుతుంది. పొట్టి మనిషి. ఉతికి ఉతికి పల్చబడ్డ తెల్ల చీర, చెమటకు చెంపలకు అతుక్కున్న నెరిసిన వెంట్రుకలు, చీపురు పట్టి గట్టిపడ్డ అరచేతులు. ఈమధ్య మెట్లెక్కితే రొమ్ములో పొడిచినట్టుంటోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఉప్పెన వచ్చి ఏడాది కావస్తోంది. అంతకుముందు ఆమె దివిసీమలో, సముద్రానికి దగ్గరి పల్లెలో ఉండేది. అక్కడి పిల్లలకు బైబిల్ కంఠత వాక్యాలు నేర్పింది. ఒక్క మాట పొల్లుపోకుండా చిలకల్లా అప్పజెబుతుంటే చూసి మురిసిపోయేది. ఉప్పెన నాడు ఆమె సంఘం పని మీద బెజవాడ వచ్చి ఉంది. పల్లెలో పిల్లలు ఒక్కరూ మిగల్లేదు. నీళ్లు మీదికొచ్చినప్పుడు దేవుణ్ణి పిలవడానికి వాళ్లకు సొంత మాట ఒక్కటైనా దొరికిందా? ఆ అనుమానం ఆమెను నిద్రపోనివ్వదు.

అందుకే ఇక్కడ అప్పజెప్పించడం మానేసి గొలుసు ప్రార్థన పెట్టింది. గుండ్రంగా కూర్చుని, చేతులు పట్టుకుని, కళ్లు మూసుకోవాలి. ఒకరు ముగించి పక్కవాళ్ల చెయ్యి నొక్కితే వాళ్లు మొదలెట్టాలి. ఎవరి మాటలు వాళ్లవే. చివరికి సంపూర్ణమ్మ ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు. ఆమె ఎడమ పక్కన మాత్రం ఎప్పుడూ ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉండేది. ఎందుకని పిల్లలు అడగలేదు.

అందరికీ మాటలొచ్చాయి, హమాలీ పుల్లయ్య కూతురు రూతుకు తప్ప. రేపు కాలువ రేవులో బాప్తిస్మాలు. "సొంతంగా నాలుగు ముక్కలు ప్రార్థించలేని పిల్లని నీళ్లలోకి దింపనమ్మా," అని పాస్టరు అబ్రహాముగారు చెప్పేశారు. ఇవాళ కాకపోతే ఇక లేదు.

"ఏమే రూతూ, ఇవాళైనా నోరు విప్పుతావా?"

"దానికి నోరు లేకేంటండీ? పంపు దగ్గర వినండి ఒకసారి," అన్నాడు ఏసుపాదం. పిల్లలు కిసుక్కుమన్నారు.

"నువ్వు మాట్లాడకురా. లెక్కల్లో గట్టెక్కించమని తప్ప దేవుణ్ణి ఇంకోటి అడిగావా నువ్వు?" రూతు వాణ్ణి కసిరి ఇటు తిరిగింది. "చేస్తానండీ అమ్మగారూ. కాకపోతే మీరూ కళ్లు మూసుకోవాలి."

"మూసుకోకేం?"

"మూసుకోరండీ. పోయిన వారం దొంగచూపు చూశాలెండి. గుడ్లప్పగించి ఆ ఖాళీ చోటే చూస్తున్నారు. మీకే భయమైతే మాకెట్టా వస్తదండీ ధైర్యం?"

సంపూర్ణమ్మ ఎడమ పక్కకు చూసింది. కళ్లు మూస్తే ఆమెకు గొంతులు వినిపిస్తాయి. ఆ పల్లె పిల్లలవి. తమ వంతు వచ్చిందనుకుని కంఠత వాక్యాలు అప్పజెబుతుంటారు, నోటి నిండా నీళ్లున్నట్టు, అందరూ ఒకే గొంతుతో.

"సరేలేవే. మూసుకుంటాను," అంది.

అటు చివర ఏసుపాదం మొదలెట్టాడు. ఒక్కొక్క గొంతే దాటుకుంటూ గొలుసు రూతు దాకా వచ్చి ఆగింది. బయట వాన చప్పుడు. ఆ చప్పుడులోంచి, ఎడమ పక్కనుంచి, అప్పజెప్పడం మొదలైంది. ఉప్పునీటి వాసన వేసింది. ఒళ్లో ఉన్న ఎడమ చేతిని తడి వేళ్లు వెతికి పట్టుకున్నాయి. కళ్లు తెరవబోయింది. కుడి చేతిని రూతు గట్టిగా పట్టుకుని ఉంది. ఇప్పుడు తెరిస్తే ఈ పిల్ల ఇక ఎప్పటికీ నోరు విప్పదు. రెప్పలు ఇంకా గట్టిగా బిగించింది.

"ప్రభువా," అంది రూతు. "నాకు నీళ్లంటే భయం. రేపు ముంచితే లేస్తానో లేదో అని. మా నాన్న తాగొచ్చి కొట్టినప్పుడు నువ్వున్నావో లేవో నాకు తెలీదు. ఉంటే మటుకు నా చెయ్యి వదలమాక. అంతే."

చెయ్యి నొక్కింది.

ఎడమ పక్క అప్పజెప్పడం ఆగిపోయింది. తర్వాత ఒక్క గొంతు, పసిది, ఏ వాక్యంలోనూ లేని మాట అంది.

"అమ్మగారండీ, చలేస్తందండీ."

సంపూర్ణమ్మ మనసు కుదుటపడింది. 'సొంత మాటే తల్లీ, సొంత మాటే' అనుకుంటూ, కప్పడానికి పైట కొంగు సర్దుకుని అటు తిరిగింది. ఈసారి రొమ్ములో పొడవలేదు. ఆమేన్ అనాలని ఆమెకు గుర్తు లేదు.

ఆమె తల ఎడమ భుజం మీదికి వాలింది. పిల్లలు ఆమేన్ కోసం కాచుకుని కూర్చున్నారు. పట్టుకున్న చెయ్యి చల్లబడుతుంటే వానకేమో అనుకుంది రూతు. గోడౌన్ వాచ్‌మన్ భార్య మార్త టీ తెచ్చి, అందరూ కళ్లు మూసుకుని ఉండటం చూసి, చప్పుడు కాకుండా సంపూర్ణమ్మ ఎదట గ్లాసు పెట్టి వెళ్లిపోయింది.

ఆవిరి తగ్గిపోయి టీ మీద మీగడ పొర కట్టింది. కిటికీ సందులోంచి గాలి వచ్చినప్పుడల్లా ఆ పొర సన్నగా ముడతలు పడుతోంది.